వెనక చక్రం కొలత

ఆ వానకాలం మొదట్లోనే నేను బండి మీద నుంచి పడ్డాను.

కీసర దాటాక ఒక చెరువు కట్ట ఉంది. కట్ట మీద దారంతా కంకర, మధ్యమధ్య పిడికిలంత రాళ్లు. నీళ్ల శాంపిళ్లు పట్టుకుని తిరిగి వస్తున్నాను. వెనక చక్రం ఒక రాయి ఎక్కి దిగింది. అంతే, బండి వెనక భాగం ఎవరో కింది నుంచి తన్నినట్టు పైకి లేచి నన్ను విసిరేసింది. లేచి చూసుకునేసరికి క్యారియర్ మీద కట్టిన ఐసు డబ్బా తెరుచుకుని సీసాలు కట్ట దిగువకు దొర్లిపోతున్నాయి. మోచెయ్యి గీసుకుపోయింది. తుంటి దగ్గర ఒకటే మంట. చుట్టుపక్కల మనిషి లేడు. ఫోన్ తీశాను గానీ ఎవరికి చెయ్యాలో తోచలేదు. చివరికి ల్యాబుకే చేసి, శాంపిళ్లు పోయాయి, మళ్లీ పట్టుకొస్తానని చెప్పాను.

బండి నాది కాదు. నా భర్త తిరుమల్‌ది. ఎత్తుగా, లోతు గంట్లున్న టైర్లతో, మట్టి దారుల కోసమే చేసిన బండి. ఆదివారాలు దాని మీద వికారాబాద్ వైపు అడవి దారుల్లో పోటీలకు పోయేవాడు. పోయిన ఏడు అతను నిజామాబాద్‌లో ఇంకొకామెతో ఇల్లు పెట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు బట్టలు తీసుకుపోయాడు. బండిని వదిలేశాడు, వాళ్లమ్మను వదిలేశాడు. చిలకలగూడలో మేడ మీది ఆ రెండు గదుల్లో నేనూ మా అత్తమ్మ శారదమ్మా మిగిలాం.

చెరువుల నీళ్లు, బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి హబ్సిగూడలో ఉన్న ల్యాబుకు చేర్చడం నా ఉద్యోగం. నా స్కూటరు ఆ దారుల్లో తిరిగి తిరిగి మూలపడింది. బండి నడపడం పెళ్లైన కొత్తలో తిరుమలే నేర్పాడు. అందుకని ఎండాకాలం చివర్లో దాని మీద కవరు తీశాను. అత్తమ్మ వద్దనలేదు. కానీ ప్రతి శనివారం పాత చీర ముక్క పట్టుకుని కిందికి దిగి, నేను పూసుకొచ్చిన మట్టంతా తనే తుడిచేది. ఎవరి కోసం తుడుస్తోందో నాకు తెలుసు. 

నేను కుంటుకుంటూ గేటు తియ్యడం కింది వాటాలో ఉండే ప్రేమమణి చూసింది.

"మా తమ్మునికి బండి చూపియ్యరాదు ఒకసారి? నోవహు అని, కాప్రాల షెడ్డు పెట్టిండు. ఇసుంటి బండ్లే చేస్తడు," అంది.

నోవహు ముప్పై దాటని మనిషి. మాట్లాడేటప్పుడు మన వైపు కాక బండి వైపు చూస్తాడు. సీటు వెనక రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కాడు. బండి కదల్లేదు. నన్ను ఎక్కి కూర్చోమన్నాడు. కూర్చున్నా పెద్ద తేడా లేదు.

"ఎవరి బరువుకు చేపిచ్చిన్రు అక్కా ఇది?"

"ఇంట్లో మనిషికే."

"ఆయన తొంభై కిలోల మీద ఉంటడు. ఈ స్ప్రింగు ఆయనది. నువ్వు కూసున్నట్టు దానికి తెలుస్తనే లేదు. మనం కూసుంటే వెనక జెర కిందికి దిగాలె. దిగితేనే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి చేతులు చాపినట్టు చాపుతది. ఇది అసలు దిగుతనే లేదు. రాయి తగిలిన దెబ్బంత నీకే కొడుతున్నది."

"ఏం చెయ్యాలి?"

"స్ప్రింగు మార్చాలె. షాకప్ విప్పి లోపల ఆయిలు, సీళ్లు మార్చాలె. నీ బరువు, ఆ డబ్బా బరువు చెప్పు, లెక్క కడ్త." సీటు వెనక భాగం తట్టి అడిగాడు. "వెనక ఎవరన్న కూసుంటరా?"

"లేదు."

"ఎప్పుడన్న?"

అతను అడిగింది స్ప్రింగు కోసమే. ఐనా నా కళ్లు వెనక సీటు మీదికి పోయాయి.

"ఎప్పుడూ లేదు," అన్నాను.

ఇంట్లో ఈ సంగతి చెప్పేసరికి అత్తమ్మ కుట్టుమిషను ఆపింది. ఆమె వీధిలో సగం మందికి జాకెట్లు కుట్టేది. పగలంతా టేపు మెడలోనే ఉండేది.

"వాని బండి సామాను మనం మార్చుడేంది?" అంది. "రేపు వాడొస్తే ఏమంటడు?"

"వస్తాడా?"

"వస్తడని నేనంటలేను. వస్తే అంటున్న."

మిషను మళ్లీ షురూ అయింది. మామూలు కంటే గట్టిగా తొక్కుతోంది. దారం తెగింది, మళ్లీ ఎక్కించింది, మళ్లీ తెగింది. ఆ రెండు మూడు రోజులు మేమిద్దరం ఉప్పు అందుకొమ్మనీ తలుపు వెయ్యమనీ తప్ప మాట్లాడుకోలేదు.

ఒక సాయంత్రం నేను తుంటికి నూనె రాసుకోబోతే చెయ్యి వెనక్కి అందలేదు. అత్తమ్మ వచ్చి గిన్నె తీసుకుంది. చీర పక్కకు జరిపి చూసి, నూనెలో ముంచిన చెయ్యి అలాగే ఆపింది. అప్పటికి కమిలిన చోటు అరచేతంత అయింది, అంచుల్లో పచ్చగా తిరిగింది.

"ఇది వాని స్ప్రింగు చేసిందా?"

"ఆ."

చాలాసేపు నూనె రాసింది. నొప్పి పుట్టకుండా, పసిపిల్లకు రాసినట్టు రాసింది. గిన్నె పక్కన పెట్టి లేస్తూ, "మార్పియ్యి," అంది.

షాకప్ విప్పినప్పుడు నేను షెడ్డులోనే ఉన్నాను. లోపలి నూనె మరిగి మరిగి కాఫీ డికాషన్‌లా అయింది. నోవహు దాన్ని డబ్బాలోకి ఒంపి, కొత్త నూనె పోసి, కొత్త సీళ్లు వేసి, సన్నటి చుట్ల కొత్త స్ప్రింగు ఎక్కించాడు. పాతది బల్ల మీద పెట్టాడు. అది చూడ్డానికే బరువుగా ఉంది.

"స్ప్రింగు మారిస్తే పని అయిపోలే అక్కా," అన్నాడు. "నువ్వు రోజూ వేసుకునే బూట్లు, బ్యాగు, డబ్బా అన్నీ పెట్టుకొని ఇంటికాడ కొలవాలె. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఎంత, నువ్వు కూసున్నంక ఎంత. రెండిట్ల తేడా రెండున్నర ఇంచులు రావాలె. ఒక్కదానితోని కాదు ఆ పని. ఒకరు బండి పట్టాలె, ఒకరు కొలవాలె, నువ్వు కూసోవాలె."

కొలవడానికి మా ఇంట్లో మనిషి ఉంది. టేపూ ఉంది.

కింద జామచెట్టు పక్కన సిమెంటు జాగాలో పెట్టుకున్నాం పని. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని ప్రేమమణి హ్యాండిల్ పట్టింది. నేను వర్షపు కోటు, బూట్లు, హెల్మెట్టుతో సహా ఎక్కి కూర్చున్నాను. అత్తమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. జాకెట్ల మీద గుర్తు పెట్టే సుద్దతో సీటు కింద ఒక గీత గీసి, చక్రం నడిమి బోల్టు నుంచి గీత దాకా టేపు పట్టింది.

"ఊపిరి బిగపట్టకు. మామూలుగ కూసో," అంది. జాకెట్టు కొలతకు వచ్చిన ఆడపిల్లలతో అనే మాటే అది. ప్రేమమణికి నవ్వాగలేదు. బండి ఊగింది.

"ఏందే గట్ల ఊపుతవు! మల్ల కొలవాలె."

"నేనా ఊపింది? మీ కోడలు ఊపింది అక్కా!"

నేనూ నవ్వాను. చాలా రోజులకు ఆ ఇంట్లో ముగ్గురం ఒకేసారి నవ్వాం. కొలత మూడుసార్లు తీస్తే మూడు రకాలుగా వచ్చింది. ఆఖరుకు అత్తమ్మ విసుక్కుని, "ఆయె, ఇదే ఖాయం," అని ఒకటి తేల్చింది. ఆ కొలత ఫోనులో చెబితే నోవహు, స్ప్రింగు పైన ఉండే రింగు కొంచెం బిగించమన్నాడు.

తర్వాత కొన్ని వారాలు అదే పని. షాకప్ నొక్కుకున్నాక ఎంత వేగంగా తిరిగి లేవాలో చెప్పే చిన్న స్క్రూ ఒకటి కింద ఉంటుంది. మొదట అది బిగుతుగా ఉండి, వరస రాళ్ల మీద వెనక భాగం లేచే తీరిక లేక కిందికి, కిందికి దిగిపోయింది. వదులు చేస్తే మళ్లీ పాత తన్నుడే. నేను రోజూ కట్టల మీద తిరిగి వచ్చేదాన్ని. అత్తమ్మ నేను బూట్లు విప్పకముందే అడిగేది.

"ఇయ్యాల ఎగిరిందా, కూలబడ్డదా?"

"కూలబడింది."

"మరి జెర వదులు చెయ్యమను."

ఆమె ఎప్పుడూ ఆ బండి ఎక్కలేదు. తిరుమల్ ఎన్నోసార్లు పిలిచినా భయమని ఎక్కలేదు. ఐనా నా నడక చూసి చెప్పేసేది. "ఎగిరినట్టుంది, నడుము పట్టుకున్నవు," అనేది. టీ పెట్టి ఇచ్చి ఎదురుగా కూర్చునేది. ఏ కట్ట, ఏ మలుపు, ఎక్కడ ఏమైంది అని అన్నీ అడిగేది. పెళ్లై తొమ్మిదేళ్లైనా నా రోజు ఎట్లా గడిచిందని తిరుమల్ అన్ని ప్రశ్నలు అడిగిన గుర్తు లేదు. బయట ముసురు పట్టి ఉండేది. మెట్ల మీద నీళ్లు కారుతుండేవి. మేమిద్దరం ఒక బండి వెనక భాగం గురించి మాట్లాడుకుంటూ కూర్చునేవాళ్లం.

ఆషాఢంలో లష్కర్ బోనాల జాతరకు అత్తమ్మ ఒక్కతే గుడికి వెళ్లింది. నాకు ఆ రోజు ఘట్‌కేసర్ వైపు డ్యూటీ పడింది. తిరిగొచ్చేసరికి ఆమె ముఖం ఏదోలా ఉంది. జనంలో నిలబడి అలసిపోయిందేమో అనుకున్నాను. ఎగిరిందా అని ఆ రోజు అడగలేదు.

కొత్త స్ప్రింగు కొంచెం వాడాక మళ్లీ కొలవమన్నాడు నోవహు. ప్రేమమణి చర్చి నుంచి వచ్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం మళ్లీ ముగ్గురం జామచెట్టు దగ్గర చేరాం. వాన కాసేపు తెరిపిచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాను.

"కాళ్లు పైన పెట్టు," అంది అత్తమ్మ వెనక నుంచి. పెట్టాను.

"కదలకు."

టేపు ఇనుముకు తగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత అదే గొంతుతో, "తిరుమల్ ఫోన్ చేసిండు," అంది.

నేను కదల్లేదు.

"ఆ పిల్లకు ఏడో నెలంట. మంచం దిగొద్దన్నరంట డాక్టర్లు. ఆ పిల్లకు తల్లి లేదు."

"ఎప్పుడు చేశాడు?"

"బోనాల నాడు. మొన్న మల్ల చేసిండు."

ప్రేమమణి హ్యాండిల్ పట్టుకుని నాకు ఎదురుగా ఉంది. నా ముఖం వైపు చూడకుండా గేటు వైపు చూస్తోంది. నేను హెల్మెట్టు పెట్టుకున్నందుకు సంతోషించాను.

"నువ్వేమన్నావు?"

"ఏమనలే ఇంకా." టేపు జరిగింది. "రెండున్నర. సరిపాయెనా?"

"సరిపోయింది."

"దిగు ఇగ."

దిగాను. ప్రేమమణి బండి స్టాండు వేసి, పొయ్యి మీద పప్పు ఉందంటూ లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు అడిగాను.

"పోతావా అత్తమ్మా?"

"నువ్వు పోవద్దను. పోను."

నేను ముద్ద కలుపుతూ కూర్చున్నాను. అనాలనే ఉంది. నోటిదాకా వచ్చింది. కానీ ఎక్కడో ఒక ఇంట్లో మంచం దిగకూడని ఆడమనిషి, నేను ఫొటోలో కూడా చూడని మనిషి, గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నట్టు కళ్లముందు కనపడింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

"ఆమెకు ఎవరూ లేరంటున్నావు కదా," అన్నాను.

"నీకున్నరా?"

అత్తమ్మ లేచి నా పళ్లెంలో ఇంకొంచెం చారు పోసింది.

తర్వాతి ఆదివారం తల్లిని తీసుకుపోవడానికి తిరుమల్ వచ్చాడు. గేటు దగ్గర తుంపరలో నిలబడి, లోపలికి రావచ్చో లేదో తెలియని మనిషిలా పైకి చూశాడు. కొంచెం ఒళ్లు చేశాడు. గడ్డంలో తెల్లవెంట్రుకలు కనిపించాయి.

"మంచిగున్నవా?" అన్నాడు.

"ఉన్న," అన్నాను.

అత్తమ్మ పైన సంచీలు సర్దుతోంది. అతను మెట్లెక్కలేదు. బండి దగ్గరకు వెళ్లి కవరు తీశాడు. సీటు మీద చెయ్యి వేశాడు. తర్వాత, అలవాటైన కాలు అది, ఒక్క ఊపులో అటు వేసి కూర్చున్నాడు. బండి వెనక భాగం కిందికి దిగింది, దిగుతూనే పోయింది. చక్రం దాదాపు మడ్‌గార్డును తాకింది. ఒకసారి ఊగి చూశాడు.

"స్ప్రింగు మార్పిచ్చినవా?"

"ఆ."

"పాతది ఏడుంది?"

"కాప్రాలో. షెడ్డులో పెట్టించాను. కావాలంటే తీసుకుపో. బండి కూడా."

అతను హ్యాండిల్ పట్టుకుని ముందుకు చూస్తూ కాసేపు కూర్చున్నాడు. గేటు అవతల ఎవరో పిల్లలు గొడుగు కోసం కొట్టుకుంటున్నారు.

"వద్దు తియ్యి," అన్నాడు. "ఇప్పుడు ఏడ తిరుగుత నేను. నువ్వే ఉంచుకో."

దిగాడు. అతని బరువు పోగానే బండి తొందర పడకుండా, ఆగకుండా మెల్లగా పైకి లేచి నిలబడింది. నోవహు స్క్రూ సరిగ్గానే పెట్టాడు అనుకున్నాను. అప్పుడు నాకు కనిపించింది అదొక్కటే.

అత్తమ్మ కుట్టుమిషను తలకాయ విప్పించి గోనెసంచిలో కట్టించింది. సంచీలు ఆటోలోకి చేర్చాక, ఏదో మరిచినట్టు మళ్లీ పైకి వచ్చింది. నేను వంటగదిలో నిలబడి ఉన్నాను.

"నా మీద కోపమా?"

"లేదు."

"ఉండాలె బిడ్డా. జెర కోపమన్న ఉండాలె. ఏం లేకుంటే నాకు తక్లీఫ్ అయితది."

"అయితే ఉంది," అన్నాను.

తల ఊపింది. నా చెంప మీద చెయ్యి పెట్టి, తీసేసి, దిగిపోయింది. ఆటో మలుపు తిరిగేదాకా బాల్కనీలో ఉండాలనుకున్నాను. ఉండలేదు.

ఆ తర్వాత ఇల్లు నిశ్శబ్దమైంది. మిషను చప్పుడు ఎంత ఉండేదో అది ఆగాకే తెలిసింది. ఒక్క మనిషికి అన్నం వండటం నాకు చేతకాలేదు. రోజూ ఎక్కువయ్యేది, పొద్దున అదే పులిహోర కలుపుకుని డబ్బాలో పెట్టుకునేదాన్ని. ల్యాబులో ఒకామె, "పోనీలే, ముసలామెను చూసుకునే పని తప్పింది నీకు," అంది. ఆమె మంచి మనసుతోనే అంది. మొగుడు వదిలేసి పోయినామె అంటే అందరికీ అర్థమవుతుంది. అత్త వెళ్లిపోయినందుకు కుమిలిపోతున్నానంటే ఎవరికి చెప్పను? ఆ బాధకు పేరు కూడా లేదు. తిరుమల్ పోయినప్పుడు నేను ఏడవలేదు, పంతం పట్టినట్టు ఉన్నాను. ఇప్పుడు బజారులో ఏ కొట్టులోనైనా జాకెట్టు గుడ్డలు వేలాడుతుంటే చూడలేక తల తిప్పుకునేదాన్ని.

ఒకసారి నోవహు ఫోనులో, డబ్బా పెద్దది మార్చావు కదా, కొలత మళ్లీ చూడమన్నాడు. ప్రేమమణి కూతురు దగ్గరకు వెళ్లి ఉంది. ఒక్కదాన్నే ప్రయత్నించాను. బండిని కిటికీ ఊచలకు తాడుతో కట్టాను. ఇనుప టేపు ఒక చివర బోల్టుకు అంటించి, ఎదురుగా ఫోను నిలబెట్టి వీడియో పెట్టి, ఎక్కి కూర్చున్నాను. దిగి చూస్తే టేపు జారిపోయింది. మళ్లీ కట్టాను. ఈసారి ఫోను పడిపోయింది. మూడోసారికి అంకె కనిపించింది, కానీ ఆ వీడియోలో నన్ను నేను చూశాను. హెల్మెట్టు పెట్టుకుని, బూట్లేసుకుని, గోడకు కట్టేసిన బండి మీద, ఎక్కడికీ పోకుండా, ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆడమనిషి. వీడియో తీసేశాను. రింగు మాత్రం ఒక మెట్టు తిప్పాను.

దసరా దగ్గర పడింది. వానలు వెనకపట్టాయి. చెరువులన్నీ నిండుగా ఉన్నాయి. ఒక పొద్దున కీసర దాటి అదే కట్ట మీదికి వెళ్లాను. కంకర అంతా కొట్టుకుపోయి రాళ్లు ఇంకా పైకి తేలాయి. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, వేగం తగ్గించకుండా పోనిచ్చాను. చక్రం రాయి మీద రాయి ఎక్కి దిగుతోంది, కిందనే ఏదో జరుగుతోందని తెలుస్తోంది, అది నా దాకా రావడం లేదు. కట్ట చివరకు వెళ్లి ఆపాను. డబ్బా తెరిచాను. సీసాలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

నీళ్ల అంచున కూర్చుని మొదటి సీసా నింపుతుంటే ఫోన్ మోగింది.

"ఆడపిల్ల," అంది అత్తమ్మ, పలకరింపు కూడా లేకుండా. "నిన్న పొద్దున. తల్లి బాగనే ఉంది."

"మంచిది."

వెనక పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఎవరో ఊరుకోబెడుతున్నారు. గొంతు ఆడమనిషిది, చిన్న వయసుది.

"చెప్పాలా వద్దా అని రాత్రంత పరేషాన్ అయిన. మల్ల నీకే చెప్పబుద్ధయింది."

"చెప్పావుగా అత్తమ్మా."

నిండిన సీసాను గట్టు మీద పెట్టాను.

"ఇంకా గట్లనే పిలుస్తవా నన్ను?" అంది.

"మరేమని పిలవాలి?"

ఏడుపు దగ్గరైంది. పిల్లను ఆమె చేతికి ఇచ్చినట్టున్నారు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఉంటుంది, గుడ్డ రాసుకున్న చప్పుడు వినిపించింది.

"గట్లనే పిలువు," అంది.

ఫోను జేబులో పెట్టుకున్నాను. సీసాకు మూత బిగించి, డబ్బాలో ఐసు మీద పడుకోబెట్టాను. తర్వాత ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, రెండో సీసా కోసం కొంచెం లోతుకు దిగాను.